ముందుకి నెట్టి కొలవాలి

శనివారం పొద్దున్న భార్య రూతు ఇడ్లీలు తెచ్చేసరికి ప్రకాశరావు అరుగు మీద కూర్చుని, విప్పిన టైరుని మోకాళ్ళకి ఆనించుకుని, దాని లోపలి అంచుని బొటనవేలితో నెమ్మదిగా తడుముతున్నాడు. ఆరు నెలల కిందట కొన్న టైరు. బయటి వైపు గాళ్ళు ఇంకా కొత్తగానే ఉన్నాయి. లోపలి వైపు మాత్రం రబ్బరు అరిగి దారాలు తేలాయి. రెండో టైరూ అంతే. వాకిట్లో ఉన్న కారు ముందు చక్రాలకి నిన్న వేయించిన కొత్త టైర్లు నల్లగా మెరుస్తున్నాయి. ఆ మెరుపు ఇంట్లో ఎవరికీ సంతోషం కలిగించలేదు.

అది కిరాయి కారు. ఫరంపేటలో ఎవరికి నొప్పులొచ్చినా, ఎవరికి గుండెలో బరువనిపించినా కాకినాడ చేర్చేది ప్రకాశరావే. కిందటి వానల్లో కనకాలపేట దగ్గర నీళ్ళ కింద గుంట కనబడక ఎడమ చక్రం దిగబడింది. అప్పటినుంచీ స్టీరింగు తిన్నగా పట్టుకుంటే బండి ఎడమకి పోతోంది. బండి తిన్నగా పోవాలంటే స్టీరింగుని కాస్త కుడికి తిప్పి పట్టుకోవాలి. ఆయన అలాగే పట్టుకుని ఆరు నెలలు నడిపాడు. చక్రాల వంకర చూసే మిషను మీద పెట్టించవయ్యా అని ఎవరన్నా అంటే, ముప్పయ్యేళ్ళు బండి నడిపినవాడికి కంప్యూటరు చెప్పేదేమిటని నవ్వేవాడు.

నిన్న సాయంత్రం కూతురు హెప్సిబా కాకినాడ నుంచి రెండు సంచులతో దిగింది. సంచులు కింద పెట్టకముందే ఉద్యోగం మానేశానని చెప్పింది. ఆటోమొబైల్ డిప్లొమా చదివిన పిల్ల. కార్లు బాగుచేసే ఒక పెద్ద సర్వీసు సెంటర్లో రెండేళ్ళు చేసింది. చేసిందంటే, ముందు గదిలో ఏసీ కింద కుర్చీలో కూర్చుని, వచ్చినవాళ్ళ ఫిర్యాదులు రాసుకుంది. బండి ఒక పక్కకి లాగుతోందని రోజుకి నాలుగైదుసార్లు రాసేది. ఆ లాగుడు సరిచేసే చోటు అద్దానికి అవతల ఉండేది. తననక్కడ వెయ్యమని అడిగినప్పుడల్లా మేనేజరు నవ్వి, ఆడపిల్ల బండి కింద దూరితే కస్టమర్లేమనుకుంటారమ్మా అనేవాడు. మూడోసారి ఆయన నవ్వుతుండగానే ఆమె కాగితం తీసి రాజీనామా రాసింది.

రాత్రంతా ప్రకాశరావు ఏమీ అనలేదు. ఆయన కోపం ఎప్పుడూ అలాగే మొదలవుతుంది.

"సోమవారం పొద్దున్నే నేనే దింపుతాను," అన్నాడు ఇప్పుడు, టైరు మీంచి కళ్ళెత్తకుండా. "మేనేజరుగారు ఫోన్ చేసేరు. కుర్చీ ఖాళీగానే ఉందంట."

"ఉండనీ నాన్నా. నేనెళ్ళను."

"ఎళ్ళక ఇక్కడేం చేస్తావు?"

హెప్సిబా వాకిట్లోకి చూసింది. రాత్రి నుంచీ ఈ ప్రశ్నకి ఆమె మనసులో పెద్ద పెద్ద జవాబులు తయారుచేసుకుంది. ఆ క్షణాన అవన్నీ డబ్బాలో గులకరాళ్ళలా చప్పుడు చేశాయి తప్ప నోటికి రాలేదు. కళ్ళ ముందున్నది మాత్రం కనిపించింది.

"ముందు ఈ చక్రాలు సరిచేస్తాను. లేపోతే ఈ టైర్లు కూడా బండి తినేస్తాది."

"దేంతో చేస్తావు?"

"అమ్మ వల దారంతో."

ఆయన నవ్వాడు. మేనేజరు నవ్విన నవ్వు కాదది. అయినా ఆమెకి అదే వినిపించింది. పందెం ఆమే పెట్టింది. సాయంత్రం ఎదుర్లంక వంతెన మీద బండి తిన్నగా వెళ్తే ఉద్యోగం మాట ఈ ఇంట్లో ఇంకెవరూ ఎత్తకూడదు. వెళ్ళకపోతే సోమవారం నోరెత్తకుండా బండెక్కుతుంది. ప్రకాశరావు ఒప్పుకుని ఒక్క షరతు పెట్టాడు.

"గేటు దాటకూడదు. నువ్వు బండి కింద దొర్లతంటే వీధంతా నిలబడి చూడక్కర్లేదు."

చట్నీ గిన్నెతో రూతు ఇద్దరి మధ్యా నిలబడిపోయింది. ఇద్దరివీ ఒకే ముక్కు, ఒకే పట్టు. ఎవరికి ముందు వడ్డించాలో ఆమెకి తెలియలేదు.

*

ఆ ఇంట్లో బండిని ఎప్పుడూ వెనక్కి నడిపే లోపలికి తెస్తారు. ప్రకాశరావు తండ్రి పడవ మనిషి. ఒడ్డుకి లాగిన పడవ ముక్కు ఏటివైపే ఉండాలనేవాడు. ఎప్పుడు ఎవరికి అవసరం వచ్చినా తోసెయ్యడం ఒక్కటే పని కావాలని. ప్రకాశరావు కారుకీ అదే పాటించాడు. ముక్కు వీధివైపు, వీపు గోడవైపు. గోడకీ గేటుకీ మధ్య కారు పట్టగా ముందు రెండడుగులూ, వెనక రెండడుగులూ మిగులుతాయి.

హెప్సిబా నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చి కారు నాలుగు మూలలా పెట్టి, ఒక్కోదాంట్లో రెండేసి ఇటుకలు వేసింది. కారుకి అటూ ఇటూ, చక్రాల మధ్యభాగం ఎత్తున, రూతు వలలల్లే దారాలు రెండు బిగించి కట్టింది. స్టీరింగు కదలకుండా రూతు పాత చీర అంచుతో సీటుకి కట్టేసింది. తరవాత నేల మీద గోనె పరుచుకుని పడుకుని, స్టీలు స్కేలుతో దారం నుంచి చక్రం ముందు అంచు ఎంత దూరమో, వెనక అంచు ఎంత దూరమో చూసి చెబుతుంటే, రూతు గ్యాసు పుస్తకం వెనక రాసింది. ఆ రెండు అంకెల తేడాయే చక్రం ఎటు చూస్తోందో చెబుతుంది.

ప్రకాశరావు అరుగు మీంచి చూస్తున్నాడు. మొదటి అంకె వినగానే ఏదో అనబోయినట్టు మెడ ముందుకి చాచాడు. తరవాత రూతుని మంచినీళ్ళడిగాడు.

అంకెలు చూసి హెప్సిబా కాసేపు గోనె మీదే ఉండిపోయింది. ముందు చక్రాలు రెండూ ఒకదానివైపొకటి, లోపలికి చూస్తున్నాయని స్కేలు అంటోంది. అలాగైతే టైరు బయటి అంచు అరగాలి. అరుగు మీది టైరు లోపలి అంచు అరిగింది. రెండు సాక్ష్యాలు, రెండు మాటలు. ఆమె స్కేలుని నమ్మింది. పాత టైరు తండ్రి వైపు సాక్షిలా అనిపించడమే కారణమని తరవాత ఆమెకి అర్థమయింది.

పానాతో నట్టు వదులుచేసి, ఎడమ చక్రాన్ని స్టీరింగుకి కలిపే కడ్డీని కొంచెం కొంచెంగా తిప్పింది. తిప్పడం, కొలవడం, మళ్ళీ తిప్పడం. మధ్యాహ్నానికి అంకెలు ఉండాల్సినట్టు కుదిరాయి. మోచేతులు గీసుకుపోయాయి. జుట్టులో మట్టి. రెండేళ్ళలో ఒక్కరోజు కూడా ఆమెకి ఇంత శుభ్రంగా అనిపించలేదు.

సాయంత్రం వంతెనదాకా కూడా వెళ్ళనక్కర్లేకపోయింది. వీధి మలుపు దాటగానే ప్రకాశరావు చేతుల్లో స్టీరింగు మునుపటికంటే ఇంకా కుడికి ఒరిగింది. అయినా ఆయన మాట తప్పకుండా వంతెన ఎక్కించి, అవతలి ఒడ్డుదాకా వెళ్ళి తిప్పుకొచ్చాడు. ఆయన ముఖంలో గెలుపు లేదు. అదే ఆమెని ఎక్కువ కలవరపెట్టింది. పక్కనుంచి చూస్తే, బండి గేటు దాటకముందే ఈ ఫలితం ఎక్కడో చదువుకున్నవాడిలా ఉన్నాడు.

ఇంటికొచ్చి, ఎప్పటిలాగే బండిని వెనక్కి నడిపి పెట్టి, తాళం చెవి మేకుకి తగిలిస్తూ, "బట్టలు సర్దుకోమ్మా," అన్నాడు మెత్తగా.

*

ఆదివారం తెల్లవారగానే హెప్సిబా మళ్ళీ దారాలు కట్టింది. ఓడిపోయానని ఒప్పుకోవడానికైనా తప్పెక్కడో తెలియాలి. అంకెలు చూసింది. నిన్న ఎక్కడ కుదిర్చిందో అక్కడే ఉన్నాయి. స్కేలు ప్రకారం బండి చక్కగా ఉంది.

చక్కగా ఉన్న బండి వంకరగా ఎలా పోతుంది? ఆమె చికాకుగా లేచి, గేరు తీసేసి, బండి వెనక్కి వెళ్ళి, నడుముతో ఒక్క తోపు తోసింది. బండి గేటువైపు ఒక అడుగు కదిలి ఆగింది. కుర్చీలు సర్ది మళ్ళీ కొలిచింది. అంకె మారింది. చక్రాలు రెండూ బయటికి చూస్తున్నాయి, బాగా బయటికి. టైరు మొదటినుంచీ చెబుతున్నదదే. ముందువైపు వెళ్ళి వెనక్కి నెట్టి కొలిచింది. అంకె మళ్ళీ నిన్నటి చోటికి పోయింది.

పాత బండి. ప్రతి కీలు దగ్గరా కాస్త వదులు. వెనక్కి నడిస్తే చక్రాలు ఆ వదులంతా వాడుకుని ఒకవైపు ఒరుగుతాయి, ముందుకి నడిస్తే రెండోవైపు. ఆమె నిన్నంతా వెనక్కి నడిచొచ్చిన బండిని కొలిచింది. రోడ్డు మీద ఎప్పుడూ అలా ఉండని చక్రాలని సరిచేసింది.

స్కేలు పట్టుకుని అలాగే కూర్చుంది. అప్పుడొక పాత సంగతి లోపల్నుంచి పైకి తేలింది. తనకి తొమ్మిదేళ్ళు. నాన్న అప్పట్లో ఒక కంపెనీ జీపు నడిపేవాడు. సెలవురోజున ఖాళీ రోడ్డు మీద జీపుకి దారం కట్టి, కొస ఆమె చేతికిచ్చేవాడు. దారం కట్టేముందు ఇద్దరూ కలిసి జీపుని పది అడుగులు నెట్టేవారు. ఇన్నేళ్ళూ ఆమె దాన్ని ఆటగానే గుర్తుపెట్టుకుంది. ఆ ఆటలో ఒక మాట కూడా ఉంది. ఎందుకు నెట్టాలి నాన్నా అని అడిగితే ఆయన చెప్పిన మాట.

ప్రకాశరావు ఆరాధనకి తెల్లచొక్కా వేసుకుని, బైబిలు పట్టుకుని అరుగు మీదికొచ్చాడు. కూతురు కదిలిన కుర్చీల మధ్య నిలబడి ఉంది. ఆమె ముఖం చూడగానే ఆయన అడుగు ఆగింది.

"ముందుకి నెట్టి కొలవాలి," అంది హెప్సిబా. "బ్రేకు తొక్కకుండా, దానంతటది ఆగాలి. బండి నడిచేది ముందుకే గదమ్మా అని చెప్పేవు నాకు. గుర్తుందా?"

ఆయన చూపు దారాల మీదికి జారింది.

"నిన్న పొద్దున్నే తెలుసు నీకు. నేను తప్పు కొలుస్తుంటే చూస్తా కూర్చున్నావు."

"హెప్సీ," అంది రూతు తలుపు దగ్గర్నుంచి. అది మందలింపో బతిమాలడమో ఆమెకే తెలియదు. తరవాత భర్త వైపు తిరిగి, "నిజవేనాండీ?" అని అడిగింది.

ప్రకాశరావు బైబిలుని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. నిన్న అరుగు మీద కూర్చున్నప్పుడు తనకేమీ గుర్తులేదనే అనుకున్నాడు. నోటిదాకా వచ్చిన మాటని మంచినీళ్ళతో మింగి, అది దాహమేనని తనకి తాను నచ్చజెప్పుకున్నాడు. మనిషి తన దగ్గర తాను దాచుకున్నది ఎదుటివాళ్ళు బయటికి తీసినప్పుడు ముందుగా వచ్చేది కోపమే. ఆయనకీ అదే వచ్చింది.

"గుర్తులేకపోడం నీ తప్పు," అన్నాడు. "పందెం నువ్వు పెట్టేవు. పోయింది. రేపు బండెక్కు."

"ఎక్కను."

ఆమె గేటు దగ్గరికి వెళ్ళి గొళ్ళెం తీసింది. రెండు రెక్కలూ గోడకి తగిలేదాకా తెరిచింది. వీధిలో అప్పటికే తెల్లచీరలూ ఇస్త్రీ చొక్కాలూ గుడివైపు నడుస్తున్నాయి.

"గేటు ముయ్యి," అన్నాడు ప్రకాశరావు.

"ముయ్యను నాన్నా. ఈ వాకిట్లో పది అడుగులు లేవు. వీధిలో ఉన్నాయి. సరిగ్గా కొలవాలంటే అక్కడే కొలవాలి, చూసేవోళ్ళు చూడనీ. ఇది కూడా తప్పైతే రేపేంటి, ఇవాళే పోతాను."

బండి వెనక్కి వెళ్ళి రెండు చేతులూ ఆనించింది. బండి కదిలి, ముందు చక్రాలు గేటు బయట మురుక్కాలవ మీది పలక అంచుకి తగిలి ఆగిపోయాయి. మళ్ళీ తోసింది. ఎక్కలేదు. చెప్పులు జారుతున్నాయి. పక్కన ఇంకో రెండు చేతులు ఆనాయి. రూతు. గుడికి కట్టుకున్న చీర కొంగు నడుముకి దోపుకుంది.

"మీరు వెళ్ళిరండి. నేను రాను," అంది భర్తతో, తల తిప్పకుండా. "దేవుడికి మనిల్లు తెలుసు. ఇక్కణ్ణుంచి కూడా వింటాడు."

ఎదురింటి సత్యవతమ్మ ముగ్గు గిన్నెతో నిలబడి చూస్తోంది. "ఏవమ్మా హెప్సీ, స్టార్టవ్వట్లేదా? మావోణ్ణి పిలవనా?"

"అవుతాదండి పిన్నిగారూ. చక్రాలు కొలవడానికి నెడుతున్నాం."

"ఎవరు కొలుస్తారు?"

"నేనేనండి."

సత్యవతమ్మ ఆ మాటని కాసేపు నోట్లో పెట్టుకుని చూసినట్టు చూసి, ముగ్గు గిన్నె గట్టు మీద పెట్టి, కూర్చుంది. గుడికి వెళ్ళేవాళ్ళలో ఇద్దరు ముగ్గురు ఆగారు. హెప్సిబాకి వీపు మీద వాళ్ళ చూపులు తెలుస్తున్నాయి. ఇన్నాళ్ళూ ఈ చూపుల గురించే అందరూ ఆమెని హెచ్చరించారు. తీరా మీద పడ్డాక, ఎండ కంటే బరువుగా ఏమీ లేవు.

మూడోసారి తోసినప్పుడు బండి పలక ఎక్కింది. తేలిగ్గా ఎక్కింది. ఆమె తలెత్తింది. ప్రకాశరావు డ్రైవరు వైపు తలుపు తెరిచి, దాని స్తంభానికి భుజం ఆనించి తోస్తున్నాడు. తెల్లచొక్కా మీద దుమ్ము గీత పడింది. బైబిలు అరుగు మీద ఉంది.

సిమెంటు రోడ్డు మీద బండి పది అడుగులు దొర్లి, దానంతటది ఆగింది.

*

ఈసారి దారం కొస ప్రకాశరావు పట్టుకున్నాడు. అడగకుండానే పట్టుకున్నాడు. హెప్సిబా గోనె పరుచుకుని బండి కిందికి తల పెట్టబోతుంటే, ఆయన ఒక ఇటుక తెచ్చి వెనక చక్రానికి అడ్డం పెట్టాడు. ఇంకోటి తెచ్చి రెండో చక్రానికి పెట్టాడు. తరవాత దారం పట్టుకుని ఆమె కాళ్ళ దగ్గర గొంతుక్కూర్చున్నాడు. ఆమె ముఖం బండి కింద ఉంది. ఒకరికొకరు కనబడకపోవడం వల్లనేమో, ఆయనకి మాట వచ్చింది.

"కిందటేడు ఓ పేషెంటుని దింపి, మీ ఆఫీసుకొచ్చేను. లోపలికి రాలేదు. బయట అద్దం దగ్గర నిలబడ్డాను."

కింద పానా చప్పుడు ఆగింది.

"నువ్వు కుర్చీలో కూచున్నావు. కార్లున్న పెద్ద పెద్దోళ్ళు నీ ముందు నిలబడి చెప్పుకుంటన్నారు. నేను ముప్పయ్యేళ్ళు బండి కింద పడుకున్నోణ్ణమ్మా. లేచినప్పుడల్లా ఎవడో ఒకడు బూట్లేసుకుని నా మొకం మీద నిలబడేవోడు. నా కూతురు కూచుంటే ఆళ్ళు నిలబడ్డారు. అది చూసి ఎళ్ళిపోయేను. అది చాలనిపించింది నాకు."

ఆమె కళ్ళలోంచి నీళ్ళు పక్కలకి జారి చెవుల్లోకి పోతున్నాయి. తుడుచుకుందామంటే రెండు చేతులకీ గ్రీజు. తండ్రి మొదటిసారి విప్పి చెప్పిన ఆ మాటలో ఉన్నది ప్రేమేనని తెలిసింది. దానికి లొంగకూడదని కూడా అదే క్షణాన తెలిసింది.

"నువ్వు ఓ అద్దం బయట నిలబడ్డావు నాన్నా," అంది. "నేను రెండేళ్ళు ఇంకో అద్దం వెనకాల కూచున్నాను. అవతల కింద పడుకున్నోళ్ళని చూస్తా. ఆళ్ళంటే కుళ్ళు నాకు. నీ కుర్చీ నాకొద్దు."

ఆయన చేతిలోని దారం ఒక్కసారి వణికింది. "దారం కదులుతుంది," అంది ఆమె కింద నుంచి. ఆయన రెండో చేత్తో తన మణికట్టుని గట్టిగా పట్టుకున్నాడు.

ఆమె కడ్డీ తిప్పింది. ముగ్గురూ బండిని వెనక్కి లాగి, మళ్ళీ పది అడుగులు ముందుకి నెట్టి, కొలిచారు. మళ్ళీ తిప్పింది. మళ్ళీ నెట్టారు. నాలుగోసారికి రూతు గ్యాసు పుస్తకం మీది అంకె చదివి, ఎడమ ముందు అంచుకీ వెనక అంచుకీ తేడా వెంట్రుకవాసి అంది. కుడి వైపూ అంతే. గుడిలోంచి పాట వినబడుతోంది. రూతు పెదవులు కదిపి దానితో కలిసింది.

వంతెన మీద ఆదివారం ఎండకి మనిషి లేడు. కింద గోదావరి నిండుగా ఉంది. ప్రకాశరావు నడుపుతున్నాడు, హెప్సిబా పక్కన. వెనక సీట్లో రూతు ఒళ్ళో ఇంకా గ్యాసు పుస్తకం ఉంది. వంతెన మొదట్లోనే బండి కుడికి, మధ్యగీత మీదికి జరిగింది. ఆయన సర్దాడు. మళ్ళీ జరిగింది.

"ఇప్పుడు కుడికి పోతుందమ్మా," అన్నాడు. ఈసారి ఆయన గొంతులో భయం ఉంది. కూతురు ఓడిపోతుందన్న భయం. దాన్ని ఆయనే ఆశ్చర్యంగా విన్నాడు.

హెప్సిబా రోడ్డు వైపు చూడలేదు. తండ్రి చేతుల వైపు చూసింది. స్టీరింగు పట్టుకున్న కుడిచేతి కణుపులు తెల్లబడి ఉన్నాయి. చెయ్యి కాస్త కిందికి, కుడికి లాగి పట్టుకుని ఉంది. ఆరు నెలలుగా ఎలా పట్టుకుందో అలాగే.

"బండి కాదు నాన్నా. నువ్వు లాగుతున్నావు," అంది. "చేతులు తీసెయ్యి."

"ఏంటి?"

"పందెం వంతెన మీదే కదా. చేతులు తియ్యి."

ప్రకాశరావు వేగం తగ్గించాడు. ముప్పయ్యేళ్ళలో నడుస్తున్న బండి స్టీరింగు మీంచి రెండు చేతులూ ఒకేసారి ఎప్పుడూ తియ్యలేదు. ముందు ఎడమ చెయ్యి తీశాడు. కుడి చెయ్యి రాలేదు. ఒక్కో వేలూ విప్పుకోవలసి వచ్చింది.

చేతులు రెండూ గాల్లో, స్టీరింగుకి జానెడు దూరంలో నిలిచాయి. స్టీరింగు కొద్దిగా కదిలి, తన చోటు తనే వెతుక్కుని, తిన్నగా నిలబడింది. మధ్యగీత బండి పక్కన, అంతే దూరంలో, వెనక్కి పోతూనే ఉంది. ఒక దీపస్తంభం, ఇంకోటి, ఇంకోటి. ఆయన కళ్ళనిండా నీళ్ళు. రోడ్డు కనబడటం లేదు. అయినా చేతులు దించలేదు.

"ఇంక పట్టుకో నాన్నా," అంది హెప్సిబా చాలాసేపటికి. "ఒడ్డొచ్చేస్తుంది."